రాయితీ పొందుతున్న ఏకైక బొగ్గు కంపెనీ

నేను ప్రభుత్వంలో అనువాదకుణ్ణి. పైవాళ్ళు ఇంగ్లీషులో అన్నదాన్ని ప్రజలకు అర్థం కాని తెలుగులోకి దించడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఆ పని చేస్తున్నాను, రెండుసార్లు ప్రశంసాపత్రం కూడా పుచ్చుకున్నాను. పేరు భీమారావు. ఇప్పుడు చెప్పబోయే గందరగోళంలో నా వాటా ఎంతో ముందే ఒప్పేసుకుంటే నాకూ తేలిగ్గా ఉంటుంది. అందులో ఒకే ఒక్క మాట నాది. మిగిలిందంతా ప్రభుత్వానిది.

ఆ సంవత్సరం మా మంత్రిగారు ఏదో చలిదేశంలో వాతావరణ సభకు వెళ్ళారు. బొగ్గు, చమురు కంపెనీలకు ప్రభుత్వాలు ఇస్తున్న రాయితీలు, పన్ను మినహాయింపులు ఎత్తేయాలని అక్కడ అందరూ ఉపన్యాసాలిచ్చారట. మంత్రిగారూ ఇచ్చారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ ఊపులో, మా రాష్ట్రంలో తొంభై రోజుల్లో ఆ పని పూర్తి చేసి చూపిస్తామని చెప్పేసి విమానం ఎక్కారు. ఆయన దిగేసరికి ఆ ముక్క ఇక్కడి పేపర్లలో వచ్చేసింది. ఇక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది.

నిజానికి ఆ ఆలోచన మంచిదే. మాది ఓడరేవున్న ఊరు. రేవు పక్కన బొగ్గు గుట్టలు పోసి ఉంటాయి. సముద్రం గాలి తిరిగిందంటే పొద్దున దండెం మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగులోకి దిగిపోతుంది. మా ఆవిడ ఒక్కో చొక్కా రెండుసార్లు ఉతుకుతుంది. మన చొక్కాలు నల్లబరిచేవాళ్ళకు మన పన్నుల్లోంచే సాయం దేనికని నేను చాలాసార్లు విసుక్కున్నాను. అందుకే ‘శిలాజ ఇంధన రాయితీల ఉపసంహరణ ప్రత్యేక కమిషనరేట్’ అనే కొత్త ఆఫీసుకు నన్ను డెప్యుటేషన్ మీద పంపినప్పుడు ఉత్సాహంగానే వెళ్ళాను.

కమిషనర్ మార్తాండరావు గారు చెడ్డమనిషి కాదు. కాకపోతే ఉత్తర్వులు రాసీ రాసీ ఆయన నోరే ఉత్తర్వైపోయింది. మంచినీళ్ళు కావలసి వచ్చినా, “దాహ నివారణ నిమిత్తం తగు చర్య తీసుకొనవలసినది” అంటారు. మొదటిరోజే నన్ను పిలిచి మంత్రిగారి ఇంగ్లీషు ప్రకటన చేతిలో పెట్టారు.

“దీనికి సరళమగు తెలుగు ప్రతి సాయంత్రములోగా సమర్పించవలసినది భీమారావుగారూ. ప్రజలు చదివెదరు. అర్థమగుట ఐచ్ఛికము.”

కూర్చుని రాశాను. ‘శిలాజ ఇంధనం’ దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. బొగ్గు దగ్గర ఆగాను. మన భాషలో బొగ్గు రెండు రకాలు. కట్టెలు కాల్చి ఆర్పితే వచ్చేది కట్టెబొగ్గు. భూమిలోంచి తవ్వి తీసేది రాక్షసి బొగ్గు. ఇంగ్లీషువాడు రెండింటికీ చెరో మాట పెట్టుకున్నాడు. మనం మాత్రం ముందు ఏదో ఒకటి తగిలించకపోతే రెండింటినీ బొగ్గనే అంటాం. నేను జాగ్రత్తపరుణ్ణి కాబట్టి ‘రాక్షసి బొగ్గు కంపెనీలకు రాయితీల రద్దు’ అని రాసి పట్టుకెళ్ళాను.

కమిషనర్ గదిలో కౌస్తుభ్ గారు కూర్చుని ఉన్నారు. ఆయన మహాగ్ని ఎనర్జీస్ అనే కంపెనీ ప్రతినిధి. రేవు పక్కన గుట్టలన్నీ వాళ్ళవే. రాయితీలు తీసేసే ఆఫీసులో ఆయనకేం పని అని నాకు అనుమానం వచ్చింది. ‘భాగస్వామ్య పక్షాల సంప్రదింపు’ అని కమిషనర్ గారు వివరించారు. మా ఆఫీసుకు ఏసీలు, కుర్చీలు పెట్టించింది కూడా ఆయనేనని తర్వాత తెలిసింది.

కౌస్తుభ్ గారు నా కాగితం చదివి నొచ్చుకున్నారు. “సర్, అంతా ఓకే. కానీ ఈ రాక్షసి అన్న మాటేంటండీ? మా ఇన్వెస్టర్లు చూస్తే ఏమనుకుంటారు? మా చైర్మన్ గారి తల్లిగారు రోజూ లలితా సహస్రనామం చదువుతారు సర్.”

“అది తిట్టు కాదండీ, దాని పేరే అది,” అన్నాను.

“ప్రభుత్వ ఉత్తర్వునందు రాక్షస ప్రస్తావన ఔచిత్యభంగము,” అన్నారు కమిషనర్ గారు. “సదరు పదమును తొలగించవలసినది.”

తొలగించాను. నేను చెప్పిన ఆ ఒక్క మాట ఇదే. రాసిన మాట కాదు, కొట్టేసిన మాట. ‘బొగ్గు కంపెనీలకు రాయితీల రద్దు’ అని ఉత్తర్వు అచ్చయింది.

ఇక రాయితీలు వెతికే పని మొదలైంది. పద్నాలుగు శాఖల నుంచి ఫైళ్ళు తెప్పించాం. నెలరోజులు ముగ్గురం కూర్చుని తిరగేశాం. మహాగ్ని ఎనర్జీస్‌కు మూడు వందల ఎకరాలు ఎకరం రూపాయికి ఇచ్చిన ఫైలు దొరికింది. అట్ట మీద ‘భూ సౌజన్యం’ అని ఉంది. పదిహేనేళ్ళు పన్ను కట్టనక్కర్లేదన్న ఫైలు దొరికింది. దాని పేరు ‘పన్ను విరామం’. సగం ధరకు కరెంటు ఇస్తున్నది ‘విద్యుత్ చేయూత’. నీళ్ళు ఊరికే ఇస్తున్నది ‘జల సహకారం’. ఇవన్నీ కలిపి ఒకచోట కుట్టిన పెద్ద ఫైలు పేరు ‘ప్రోత్సాహకాలు’. ఎంత వెతికినా రాయితీ అన్న మాట మాత్రం ఎక్కడా కనపడలేదు.

“నేను ముందే చెప్పాను కదండీ,” అన్నారు కౌస్తుభ్ గారు, మాకందరికీ బాదంపాలు తెప్పించి. “మేం రాయితీలు తీసుకునేవాళ్ళం కాదు. మాది సొంత కష్టం.”

“మరి ఈ పన్ను విరామం?” అన్నాను.

“విరామం వేరు, రాయితీ వేరు భీమారావుగారూ. మీకు ఆదివారం సెలవుంటుంది. దాన్ని రాయితీ అంటారా?”

కమిషనర్ గారు తల పంకించారు. “ఉత్తర్వు రద్దు చేయమన్నది రాయితీలను. ప్రోత్సాహకములు ఉత్తర్వు పరిధిలోనికి రావు. లేనిదానిని రద్దు చేయు అధికారము ఈ కార్యాలయమునకు లేదు.”

‘రాయితీలు లేవు’ అని మంత్రిగారికి నివేదిక పంపాం. సాయంత్రానికల్లా ఫోను వచ్చింది. రాయితీలు లేకపోవడం చాలా సంతోషమని, అయితే తాను ప్రపంచం ముందు మాట ఇచ్చానని, కాబట్టి ఎక్కడో ఒకచోట ఒక్కటైనా వెతికి పట్టుకుని గడువులోగా రద్దు చేయకపోతే కమిషనరేట్‌నే రద్దు చేస్తాననీ మంత్రిగారు చెప్పారు. ఫోను పెట్టేశాక మార్తాండరావు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన రిటైర్మెంటుకు ఏడాది మాత్రమే ఉంది.

అప్పుడు కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. ప్రభుత్వం దగ్గరున్న లబ్ధిదారుల జాబితాలన్నీ ఒకచోట పోసి, ఉత్తర్వులోని మూడు మాటలు ఇచ్చి వెతికిస్తామన్నారు. బొగ్గు, కంపెనీ, రాయితీ. మూడూ ఒకే వరసలో ఉన్నవి ఎన్నో అదే చూపిస్తుందట. మీట నొక్కారు. అది అరనిమిషం ఆలోచించి ఒకే ఒక్క పేరు చూపించింది.

‘శ్రీ నూకాలమ్మ తల్లి బట్టల ఇస్త్రీ కంపెనీ. ప్రొప్రయిటర్: బోని నూకరత్నం. నెలకు ఒక సంచీ బొగ్గు, సగం ధరకు. రజక వృత్తిదారుల రాయితీ పథకం.’

మార్తాండరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “దొరికినది!” అన్నారు. ఉద్యోగంలో చేరాక ఆయన ఒక్క మాటతో వాక్యం ముగించడం అదే మొదలని ఆయన డ్రైవరు నాతో అన్నాడు.

“సార్,” అన్నాను, “అది ఇస్త్రీపెట్టెలో వేసే కట్టెబొగ్గు. శిలాజం కాదు.”

“ఉత్తర్వునందు బొగ్గు అని మాత్రమే కలదు. కట్టెదా, కానిదా అను విచక్షణ క్రింది స్థాయి అధికారి చేయరాదు.”

“ముందు నేను రాక్షసి అని...”

“తొలగించినది తమ దస్తూరీతోనే కదా?” అన్నారాయన నవ్వుతూ. 

మర్నాడు పొద్దున్నే రెండు జీపుల్లో బయల్దేరాం. పాతరేవు వెనక సందులో, ఒక అపార్ట్‌మెంటు గోడ నీడన నాలుగు చక్రాల బండి. పైన రేకు, ఆ రేకుకు ‘కంపెనీ’ బోర్డు. నూకరత్నానికి యాభై దాటి ఉంటాయి. పొట్టిమనిషి. ఇనప ఇస్త్రీపెట్టె మూత తీసి, నిప్పుల మీద విసనకర్రతో విసురుతోంది. జీపులు చూసి కంగారుపడకుండా, “చొక్కాలా బాబూ? సాయంత్రంలోగా అవ్వదు, పెళ్ళోలి బట్టలున్నాయి,” అంది.

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. “ఈ సంస్థ యాజమాన్య ప్రతినిధి ఎవరు?”

“ఏటి?”

“ఈ కంపెనీ ఎవరిదమ్మా అని అడుగుతున్నారు,” అన్నాను. ఆరోజు అనువాదం రెండువైపులా చేయాల్సి వచ్చింది.

“నాదే. మా తమ్ముడు బోర్డులు రాస్తాడు బాబూ. కంపినీ అని ఉంతే మరేదగా ఉంతాదని రాసీసినాడు. పన్నేటైనా కట్టాలా?”

“ఉత్పత్తి ప్రక్రియలో ఎంత పరిమాణమున శిలాజ ఇంధనము దహించబడుచున్నది?”

“బొగ్గు ఎంత కాలుస్తావని,” అన్నాను.

“నెలకో సంచీ. సరుగుడు బొగ్గు. బాగా రగులుతాది, నిప్పురవ్వ ఎగరదు.”

మా వెంట వచ్చిన నిపుణుడు ఒక బొగ్గుముక్క చేతిలోకి తీసుకుని, ఇది భూమిలో ఎన్ని కోట్ల ఏళ్ళ కిందటిదై ఉంటుందని గంభీరంగా అడిగాడు. నూకరత్నం కాసేపు ఆలోచించింది. “మొన్న మంగళారం కాల్చినారు బాబూ,” అంది. ఆయన రాసుకున్నాడు.

నోటీసు ఇచ్చాం. నేనే చదివి వినిపించాను. ప్రపంచ వాతావరణ పరిరక్షణ దృష్ట్యా ఇకమీదట సగం ధర సంచీ ఇవ్వబడదని నాలుగు పేజీల్లో ఉంది. చివరిదాకా విని, ఆమె విసనకర్ర పక్కన పెట్టేసింది.

“సగం ధర సంచీ నేకపోతే నాను బండి తియ్యలేను బాబూ. పూరా ధర పెట్టి కొంతే జతకి ఇంకో ఐదు రూపాయిలు అడగాల. అడిగితే ఈ అపారుట్‌మెంటోలు ఊరుకుంతారా? కరెంటు ఇస్త్రీ కుర్రోడు ఎదురుగుండానే ఉన్నాడు. ఆడికి పోతారు. ఇరవై రెండేళ్ళ బట్టీ ఈ బండే నాకు అన్నం పెడతంది.”

“ప్రభుత్వము సానుభూతితో గుర్తించినది,” అన్నారు కమిషనర్ గారు, జీపెక్కుతూ.

ఉపసంహరణ సభ జిల్లా పరిషత్ హాల్లో పెట్టారు. పూలదండలు, బ్యానర్లు, సన్నాయి. బొగ్గు కంపెనీకి రాయితీ ఎత్తేసిన తొలి రాష్ట్రం మనదేనని మంత్రిగారు ప్రకటించారు. వేదిక మీద ఒక సంచీ పెట్టి, దాని మూతికి కట్టిన రిబ్బను ఆయన చేత కత్తిరింపించబోయారు గానీ, కత్తిరిస్తే బొగ్గు కిందపడుతుందని ఎవరో చెప్పడంతో సంచీని పక్కకు లాగించేశారు. కౌస్తుభ్ గారు పరిశ్రమ తరఫున మాట్లాడుతూ, తోటి సంస్థకు కలిగిన కష్టంలో తాము పాలుపంచుకుంటున్నామని, ఈ నిర్ణయాన్ని గుండె రాయి చేసుకుని స్వాగతిస్తున్నామని అన్నారు.

చివర్లో లబ్ధిదారును రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నూకరత్నం ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వచ్చింది. మైకు చూసి బెదరలేదు.

“తీసీసినారు, సరే. పెద్దోలు మీరు సెప్తే కాదంతామా? ఒక్కటడుగుతాను బాబూ. ఆ రేవుకాడ గుట్టలున్నాయి గదా. ఆ దుమ్ము పడే గదా బట్టలు నల్లగైపోతన్నాయి. ఆలకి మీరేటీ ఇవ్వటం నేదా?”

హాలు కాస్త సర్దుకుని కూర్చుంది. కమిషనర్ గారు మైకు అందుకున్నారు. “వారికి ఇచ్చునది రాయితీ కాదమ్మా. ప్రోత్సాహకము.”

“అంతే ఏటి?”

“అంటే... ప్రోత్సహించుట.”

“సగం ధరకే ఇత్తన్నారా?”

“కొన్ని సగం. కొన్ని ఉచితం.”

నూకరత్నం తల ఊపింది. “ఐతే నా సంచీకి కూడా ఆ పేరే పెట్టీండి బాబూ. నాకు పేరుతో పట్టింపు నేదు.”

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఎందుకు కొట్టామో తెలియకపోయినా అందరూ కొట్టారు. మంత్రిగారికి చప్పట్లంటే ఎలాంటి బలహీనతో ముందే చెప్పాను. ఆయన అక్కడికక్కడే, “తప్పకుండా! దరఖాస్తు పెట్టుకో తల్లీ!” అనేశారు.

ఆ దరఖాస్తు నేనే రాశాను. ఎవరూ చెప్పలేదు. నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది కాబట్టి ఆదివారం పొద్దున ఆమె బండి పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ప్రోత్సాహకాల దరఖాస్తు రాయితీ దరఖాస్తులాంటిది కాదు. రాయితీకి ఆదాయం సర్టిఫికెట్టు, రేషను కార్డు, రెండు ఫోటోలు, ఎమ్మార్వో సంతకం కావాలి. ప్రోత్సాహకానికి ఒక ఉత్తరం చాలు. అడిగింది ఇవ్వకపోతే మా సంస్థను పక్క రాష్ట్రానికి తరలించుకుపోతామని అందులో ఉండాలి. అన్ని ఫైళ్ళలోనూ మొదటి కాగితం అదే.

“పక్క రాష్ట్రమా?” అంది నూకరత్నం. “నాను కొత్తరోడ్డు జంక్షను దాటి ఎప్పుడెల్లాను బాబూ? అబద్దం గదా అది.”

“అబద్ధం కాదమ్మా. అది పద్ధతి.”

ఆమె అయిష్టంగానే వేలిముద్ర వేసింది. ఉత్తరం సోమవారం పొద్దున అందింది. మధ్యాహ్నానికి పరిశ్రమల శాఖ అట్టుడికిపోయింది. రాష్ట్రంలో ఇంతవరకూ రాయితీ పొందిన ఏకైక బొగ్గు కంపెనీ తరలిపోతోందన్న వార్త బయటికి పొక్కితే పెట్టుబడుల వాతావరణం ఏమవుతుందని పైనుంచి కిందిదాకా హడలిపోయారు. బుజ్జగించడానికి ఒక ప్రతినిధి బృందం వెళ్ళింది. పూలగుత్తి ఇచ్చారు. బండికి రోడ్డు సదుపాయం సరిపోతోందా అని అడిగారు. బండి ముందు గుంత ఉందని ఆమె చెబితే, ఏడేళ్ళ గుంత ఆ సాయంత్రమే పూడింది.

గురువారం మంజూరు కమిటీ ముందుకు పిలిచారు. పొడుగాటి బల్ల. దానికి అటు పదకొండుమంది అధికారులు, ఇటు నూకరత్నం, నేను. ఓ మూలన కౌస్తుభ్ గారు. ఆయనది వేరే దరఖాస్తు. రాయితీలు రద్దవుతాయేమోనని తొంభై రోజులపాటు తమ కంపెనీ అనుభవించిన ఆందోళనకు ఉపశమన ప్రోత్సాహకం కోరుతున్నారు. అది రెండు నిమిషాల్లో మంజూరైపోయింది.

“తదుపరి విషయము,” అన్నారు మార్తాండరావు గారు. ఆయనే కమిటీ కార్యదర్శి. “శ్రీ నూకాలమ్మ తల్లి సంస్థ. నిబంధనల ప్రకారము కనీస ప్రోత్సాహకము నలభై వేగన్ల బొగ్గు, సగము ధరకు. మంజూరు ఎంతైనను, సంస్థ తనకు వీలైనంత ఎత్తుకొనవచ్చును. బొగ్గు ఏ రకమో ఉత్తర్వునందు పేర్కొనలేదు గనుక సరుగుడు బొగ్గుకును వర్తించును.”

నేను ఊపిరి పీల్చుకున్నాను. నలభై వేగన్లలోంచి నెలకొక సంచీ తెచ్చుకుంటే చాలు, ఆమె బండి నడుస్తుంది. పని అయిపోయినట్టే. ఆమెతో మెల్లిగా, “నలభై రైలుపెట్టెలంత ఇస్తారట, సరేనను,” అన్నాను.

నూకరత్నం కళ్ళు పెద్దవయ్యాయి. “అమ్మో, అంత నానేటి సేసుకుంతాను బాబూ? ఎక్కడ పెట్టుకుంతాను? నాకొక్క సంచీ సాలు.”

 పదకొండుమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన దరఖాస్తు ఫారం అటూ ఇటూ తిప్పి వెతికాడు. ఆ మాట రాయడానికి అందులో గడి లేదు. కౌస్తుభ్ గారు మొట్టమొదటిసారి చేతిలోని ఫోను పక్కన పెట్టి ఆమెను తేరిపార చూశారు.

“ఏమనుచున్నారు?” అన్నారు కమిషనర్ గారు.

“చాలు అంటున్నారు సార్.”

“అట్లెట్లు?”

ఆయనకు అంతకుమించి తోచలేదు. ఆమె అన్నది అన్నట్టు ఇంగ్లీషులోకి మార్చి ఆర్థిక శాఖకు పంపమని తీర్మానించారు. మా అధికార పారిభాషిక పదకోశం తెరిచాను. ‘చాలదు’కు పదకొండు మాటలున్నాయి. అత్యల్పం, అసమగ్రం, న్యూనం, ఇంకా ఏవేవో. ‘చాలు’ లేదు. సొంతంగా, ఒక్క సంచీ అయితే ఆమెకు సరిపోతుందని అర్థం వచ్చేలా తేలికైన ఇంగ్లీషులో రాసి పంపాను. నా మొత్తం ఉద్యోగంలో అంత నిజాయితీగా చేసిన అనువాదం మరొకటి లేదు.

పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. దాన్ని తెలుగు చేయవలసిందీ నేనే.

‘దరఖాస్తుదారు తనకు ఇంతటితో చాలునని స్వయముగా తెలియజేసియున్నందున, వారికి ఎట్టి సాయమూ అవసరము లేదని నిర్ధారించడమైనది. ఫైలు మూసివేయడమైనది. ప్రోత్సాహకమును స్వచ్ఛందముగా త్యజించిన తొలి బొగ్గు కంపెనీగా సంస్థను అభినందించడమైనది.’

వెంట ఒక అభినందన పత్రం కూడా ఉంది, ఫ్రేముతో సహా. మంత్రిగారు దాన్ని కూడా ఇంకో సభలో చెప్పుకున్నారు. నాకు మాత్రం సిగ్గేసింది. కొట్టేసిన మాటకి ఒకసారి ఆమె సంచీ పోయింది. ఈసారి ఉన్నదున్నట్టు రాసిన మాటకి పోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఏ మాట ఎవరి మీద పడుతుందో చూసుకోకుండా ఎన్ని రాసి ఉంటానో అనిపించింది.

కాగితం పట్టుకుని వెళ్ళేసరికి బండి మీద పట్టా కప్పి ఉంది. ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది. నూకరత్నం గోడ వారన కూర్చుని, ఎదురుగా కరెంటు ఇస్త్రీ షాపులోకి వెళ్తున్న తన వాడిక ఇళ్ళ బట్టల మూటలు చూస్తోంది. సంగతి చెప్పాను.

“తిట్టినారా బాబూ?”

“లేదమ్మా. మెచ్చుకున్నారు. చాలు అన్నావు కదా, అందుకని ఆపేశారు.”

ఆమె ఫ్రేము చేతుల్లోకి తీసుకుని చీర కొంగుతో అద్దం తుడిచింది. పాపం, ఆ బొగ్గుదుమ్ము ఎక్కడ పడినా ఆమె ఊరుకోదు.

“ఆ గుట్టలోలు ఎప్పుడైనా సాలన్నారా బాబూ?”

“నేనైతే వినలేదు.”

“మరదే. ఆలకి ముందే తెలుసు గావాల.” లేచి నిలబడింది. “కాయితం ఉన్నాదా? రాయండి. నలబై ఏ మూలకీ సాలవని రాయండి. ఎనబై కావాలని రాయండి.”

రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. మూడో రోజుకల్లా ఎనభై వేగన్లూ మంజూరయ్యాయి. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. పైగా సంస్థ విస్తరణ పట్ల ప్రభుత్వం హర్షం ప్రకటించింది.

మంజూరు కాగితం చూపించి సరుకు ఎత్తుకోవడానికి ఆమెతో పాటు డిపోకి వెళ్ళాను. గుమస్తా కాగితం రెండుసార్లు చదివి, లేచి నమస్కారం పెట్టాడు. లారీలు ఎన్ని వచ్చాయని బయటికి తొంగిచూశాడు. నూకరత్నం ఒక సంచీ ఎంచుకుని, బరువు చూసుకుని, తలకెత్తుకుంది.

“ఇదొక్కటేనా అమ్మా? మిగతాది?”

“ఇప్పటికి ఇది సా...” అంది. నేను గట్టిగా దగ్గాను. ఆమె ఆగి, సంచీ కింద నుంచి నావైపు చూసి, గుమస్తా వైపు తిరిగింది.

“సాలదు బాబూ,” అంది. “అస్సలు సాలదు. మల్లీ నెల వొస్తాను.”